చంద్రగిరిలో దిగిపోయిన రోజులు

ఒక పెళ్లి భోజనం తర్వాత మూడు రోజులు వాంతులు, విరేచనాలు. సెలైన్ ఎక్కించి, యాంటీబయాటిక్స్ ఇచ్చారు. తగ్గిందనుకున్నాను.

నెల తిరక్కముందే పొద్దున లేస్తూనే కడుపులో మెలిపెట్టడం మొదలైంది. దాంతోపాటే దేనికో తెలియని భయం. అప్పట్లో చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ బస్సులో ఉద్యోగానికి పోయేవాణ్ణి. సీట్లో కూర్చోగానే అరచేతులకు చెమటలు పట్టేవి. వాటర్ బాటిల్ మూత తిప్పడం, బిగించడం, మళ్లీ తిప్పడం. గుండె దడ తట్టుకోలేక ఎన్నిసార్లు చంద్రగిరిలో దిగిపోయానో.

ఒక డాక్టర్ రిపోర్టులు చూసి, "ఏమీ లేదు, అంతా టెన్షన్" అని పంపేశారు. కడుపు నొప్పి కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కుంగదీసింది. నేను పిరికివాణ్ణని నమ్మడం మొదలుపెట్టాను. అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి, "ఒక్క ముద్ద తిను నాయనా" అని పక్కనే కూర్చునేది.

తిరుపతిలో చూపించుకున్న పేగుల డాక్టరమ్మ మాత్రం తెల్లకాగితం మీద పేగు, మెదడు గీసి, రెండిటినీ కలుపుతూ ఒక గీత గీశారు. అది వేగస్ నరం. అందులో ఎక్కువ పోగులు కింది నుంచి పైకే కబురు మోస్తాయట. ఇన్ఫెక్షన్ పోయినా కొందరిలో పేగు గోడలోని రోగనిరోధక కణాలు శాంతించవు, అక్కడి నరాలు చిన్న కదలికకే ఉలిక్కిపడతాయి. ఆ కబురు అందుకుని మెదడు భయపడుతుంది, ఆ భయం మళ్లీ పేగును కదిలిస్తుంది. ఒంట్లో కబుర్లు మోసే రసాయనాల్లో ఒకటైన సెరొటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగులోనే తయారవుతుందని కూడా ఆమే చెప్పారు. అది నేరుగా మెదడులోకి పోదు గానీ, పేగు కదలికల్లో దానికి పెద్ద పాత్రే ఉంది. నా జబ్బుకు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగు అతిగా స్పందించే జబ్బు) అని పేరుంది. ఆ పేరు విన్నాక బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

డిప్రెషన్‌కు వాడే మందునే చాలా తక్కువ డోసులో రాత్రిపూట ఇచ్చారు, పేగు నరాలు నెమ్మదించడానికి. కౌన్సెలింగ్‌కూ పంపారు. నిదానంగా ఊపిరి వదలడం, ఒక స్టాపు ముందుకు, మరో స్టాపు ముందుకు పోవడం అక్కడే నేర్చుకున్నాను. పొద్దున మజ్జిగ పోసిన చద్దన్నం నాకు పడింది. అందరికీ పడుతుందని చెప్పను. ఇంట్లో ఎవరైనా ఇలా బాధపడుతుంటే దయచేసి "అంతా నీ మనసులోనే" అనకండి.

ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు తిరగబెట్టింది కూడా. మొన్న సోమవారం కండక్టర్ భుజం తట్టి, "తిరుపతి వచ్చేసింది సార్, దిగండి" అన్నాడు. చంద్రగిరి ఎప్పుడు దాటిందో నాకు తెలియలేదు.