క్లియర్ కోట్ తీయకుండా ఎంత పాలిష్ రుద్దినా దండగే

బైక్ ఇంజిన్ కవర్ మీద తెల్లటి పొడి, పురుగు పాకినట్టు వంకర గీతలు కనిపిస్తే అది అల్యూమినియంకు పట్టిన తుప్పు. మెటల్ పాలిష్ ట్యూబు తెచ్చి గంటసేపు రుద్దినా ఆ గీతలు పోవు. చాలా కవర్లకు ఫ్యాక్టరీలోనే పల్చటి క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక పూత వేస్తారు. రాయి తగిలిన చోటో, బోల్టు తల కిందో ఆ పూత చిట్లితే తేమ లోపలికి చేరి, పూత అడుగునే లోహాన్ని తింటూ పోతుంది. మనం రుద్దేది పైన, తుప్పు ఉండేది కింద.

పూత ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. గుడ్డతో కాస్త పాలిష్ రుద్దండి. గుడ్డ నల్లబడితే ఒట్టి లోహం, నల్లబడకపోతే పైన ఏదో పొర ఉన్నట్టే. అది క్రోమ్ పూతో, అనోడైజ్ చేసిన (లోహం మీదే గట్టి ఆక్సైడ్ పొర కట్టించిన) రిమ్మో అయితే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) జోలికి పోవద్దు.

కవర్ విప్పి చేస్తేనే పని శుభ్రంగా వస్తుంది. ఆయిల్ దింపాలి, కొత్త గాస్కెట్ (కవర్ అంచున ఆయిల్ కారకుండా పెట్టే పల్చటి పొర) సిద్ధంగా పెట్టుకోవాలి. బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ చోటి బోల్టును ఆ చోటే గుచ్చి పెట్టండి. గాస్కెట్ కూర్చునే అంచుకు టేపు వేయండి, అక్కడ గీత పడితే ఆయిల్ కారుతుంది.

జిడ్డు కడిగాక పెయింట్ రిమూవర్‌ను మందంగా పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, ప్లాస్టిక్ ముక్కతో గీకండి. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, పని ఆరుబయటే. కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లు మాత్రం వద్దు. అది అల్యూమినియంను కరిగించి హైడ్రోజన్ వదులుతుంది, లోహం నల్లగా మారుతుంది.

అసలు శ్రమంతా వాటర్ పేపర్ దగ్గరే. పేపర్ నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. గుంటలు పడి ఉంటే 240తో, లేకపోతే 400తో మొదలుపెట్టి 600, 800, 1000, 1500 వరకు వెళ్లాలి. నీళ్లలో రెండు చుక్కల డిష్ సోప్ కలిపితే పేపర్ మూసుకుపోదు. ఒక నంబర్ నిలువుగా రుద్దితే తరువాతిది అడ్డంగా రుద్దండి. పాత దిశ గీతలు పూర్తిగా పోయాకే ముందుకు. 400 నుంచి నేరుగా 1000కి దూకితే అప్పటికి బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే మసక లోహంలో గీతలు తెలియవు. మెరుపు వచ్చాక ఒక్కొక్కటీ బయటపడుతుంది, అప్పుడు మళ్లీ 400కే రావాలి. లోతైన గుంటను పూర్తిగా తీసేయాలని పట్టుబడితే అక్కడ లోహం పల్చబడుతుంది, అచ్చు పోసిన అక్షరాలు అరిగిపోతాయి. ఒకటి రెండు చుక్కలు మిగిలినా పర్వాలేదు.

ఇనుప తీగల బ్రష్, స్టీల్ ఊల్ వాడొద్దు. ఇనుప రేణువులు మెత్తటి అల్యూమినియంలో దిగబడి, కొన్నాళ్లకు గోధుమరంగు మచ్చలవుతాయి. మూలలకు నైలాన్ ప్యాడ్ చాలు.

బఫింగ్ వీల్ (మెరుగు పెట్టే తిరుగుడు చక్రం) ఉంటే ముందు సైజల్ (గరుకు నార) వీల్‌కు గోధుమరంగు కాంపౌండ్ (మెరుగు పెట్టే ముద్ద), తర్వాత మెత్తటి కాటన్ వీల్‌కు తెల్లది. ఒక వీల్‌కు రెండూ పట్టించకూడదు. కాంపౌండ్ ఎక్కువైతే నల్లటి చారలు పడతాయి. వీల్ మధ్యకన్నా కింది భాగంలోనే పట్టుకోండి, తిరిగే వీల్‌కు ఎదురుగా ఉన్న అంచు తగిలితే కవర్‌ను చేతిలోంచి లాగి విసిరేస్తుంది. చివర్లో చేత్తో మెటల్ పాలిష్, అరచేయంత చోటు చొప్పున, ఆరిపోకముందే తుడవాలి. ఫోర్కులకు చేసేటప్పుడు బ్రేక్ డిస్క్, కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) కప్పేయండి. పాలిష్ ఆ బ్రేక్ ప్యాడ్లలోకి ఇంకితే బ్రేక్ పట్టదు, ప్యాడ్లు మార్చాల్సిందే.

మళ్లీ క్లియర్ కోట్ వేయాలా? అద్దంలా నునుపు చేసిన లోహం మీద అది సరిగ్గా పట్టుకోదు, చిట్లితే మళ్లీ అవే వంకర గీతలు. నా ఓటు వ్యాక్స్‌కే. నెలా రెండు నెలలకోసారి పూస్తూ ఉండాలి. అంత ఓపిక లేకపోతే 800 దగ్గరే ఆపి, నైలాన్ ప్యాడ్‌తో ఒకే దిశలో రుద్ది మ్యాట్‌గా (మెరుపు లేకుండా) వదిలేయండి. చిన్న గీతలు అందులో కలిసిపోతాయి. ఉప్పుగాలి తగిలే చోట తిరిగే బండికైతే మెరుపు మీద ఆశ వదులుకుని, ఎపాక్సీ ప్రైమర్ (పెయింట్ పట్టడానికి ముందు వేసే అడుగు పూత) మీద సిల్వర్ పెయింట్ వేయడం మేలు.

బిగించే ముందు గాస్కెట్ అంచు, బోల్టు రంధ్రాలు కాంపౌండ్ లేకుండా కడిగి ఆరబెట్టండి. 6 మిల్లీమీటర్ల కవర్ బోల్టులకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల టార్క్ సరిపోతుంది. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి.