గోధుమ రంగు పట్టిన కణాలు

స్లైడు పెట్టగానే కణాల అంచుల వెంట గోధుమ రంగు. కణాల పైపొర మీది సీడీ44 అనే ప్రోటీన్‌కి వేసిన రంగు పట్టింది. చీపురుపల్లి దగ్గర్నుంచి ఒక మామ్మ గరివిడిలో మా పశువుల ఆసుపత్రికి తెచ్చిన ఆడకుక్క గడ్డ ఇది. వెనక చన్నులో, ఉసిరికాయంత.

"మళ్ళీ వస్తాదేటి డాక్టరమ్మా?" అందావిడ, కుక్క చెవులు నిమురుతూ.

గడ్డలో కణాలన్నీ ఒక్కటి కావు. కొన్ని మూలకణాల్లా ఉండి, గడ్డను తిరిగి మొలిపిస్తాయంటారు. మనుషుల రొమ్ము క్యాన్సర్‌లో సీడీ44 బాగా ఉండి సీడీ24 అనే ఇంకో ప్రోటీన్ లేని, లేదా తక్కువున్న కణాలకు ఆ శక్తి ఉందని 2003లో చూపించారు. కుక్కల్లోనూ అవే గుర్తులు వెతుకుతున్నాం. కానీ సీడీ44 మామూలు కణాల మీదా ఉంటుంది. ఒక్క రంగు చూసి మామ్మకి మాటివ్వలేను. కణాలు ఎంతగా మారిపోయాయో చెప్పే గ్రేడు, కోసిన అంచుల్లో గడ్డ కణాలు మిగిలాయా, లింఫ్ గ్రంథులకు పాకిందా... ఇప్పటికీ నేను ముందు నమ్మేది వీటినే.

నాకు బాధ ఇంకోచోట. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని కుక్కలకుండే చన్ను గడ్డల ముప్పుతో పోలిస్తే, మొదటిసారి ఎదకు రాకముందే చేయించినవాటికి 0.5 శాతమే, ఒకసారి ఎదకొచ్చాక అయితే 8, రెండుసార్లు లేదా ఇంకా ఎక్కువసార్లు వచ్చాక అయితే 26 అని 1969 నాటి లెక్క. ఆ అంకెల మీద తర్వాత వాదనలు వచ్చాయి. అయినా చిన్నప్పుడే చేయించండనే చెబుతాను.

మామ్మ ఇంట్లో ఇంకో ఆడ కుక్కపిల్ల ఉందట, నాలుగు నెలలది. సోమవారం దాన్నీ తెమ్మన్నాను.