స్లిప్ టెస్ట్ మర్నాటి పీరియడ్

పదో తరగతి లెక్కల పుస్తకంలో పాఠాలు 14. బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. నవంబరు ఆఖరుకో, మహా అయితే డిసెంబరు మొదటి వారానికో సిలబస్ అయిపోవాలి, ఆ తర్వాతంతా పబ్లిక్ పరీక్షలకి తయారుచేసే వంద రోజుల ప్రణాళికే. ఈ మధ్యనున్న రోజుల్లోంచి ఆదివారాలు, రెండో శనివారాలు, దసరా సెలవులు తీసేస్తే 120 పైచిలుకు మిగులుతాయి. రెండు ఫార్మేటివ్‌లు (పాఠాల మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), ఒక సమ్మేటివ్ (టర్ము చివరి పెద్ద పరీక్ష) కలిసి ఓ పదిహేను రోజులు తినేస్తాయి. శ్రీకాకుళం జిల్లాలో అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పేరు చెప్పి నాలుగైదు రోజులు పోవడం మామూలే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టినప్పుడైతే జిల్లాలోని ఉద్దానంలో బడి సంగతి అటుంచి, కరెంటు రావడానికే రోజులు పట్టింది. ఇవన్నీ పోగా చేతికొచ్చేవి ఇంచుమించు వంద రోజులు. రోజుకో పీరియడ్, వారానికి ఒకటో రెండో అదనం అనుకుంటే 125 పీరియడ్లు. అంటే పాఠానికి తొమ్మిది.

సంభావ్యతకి ఆరు చాలు. త్రిభుజాలకి పదిహేనైనా చాలవు. సర్దుకుంటే సరిపోయేలాగే కనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో ఒక్క పీరియడ్‌కి చోటే లేదు. పరీక్ష పెట్టిన మర్నాడు, దిద్దిన పేపర్లు పిల్లల చేతికిచ్చి, ఎక్కడ తప్పారో చెప్పే పీరియడ్ అది. నా మటుకు, పరీక్షలు ఎక్కువయ్యాయన్నది సగం ఫిర్యాదే. పరీక్షకీ పాఠానికీ మధ్య ఉండాల్సిన ఆ ఒక్క పీరియడ్‌ని ప్రణాళికలు వేసేవాళ్లు ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. అసలు బరువు అక్కడుంది.

సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) పద్ధతిలో ఫార్మేటివ్‌కి 50 మార్కులు. మొన్నమొన్నటి దాకా పంపకం ఇలా ఉండేది: పిల్లల భాగస్వామ్యానికి 10, రాత పనికి 10, ప్రాజెక్టుకి 10, స్లిప్ టెస్ట్ అనే చిన్న రాతపరీక్షకి 20. కాగితం మీద చక్కని ఆలోచన. ఆచరణలో మొదటి మూడూ ఒక్క సాయంత్రం స్టాఫ్‌రూములో పడేవి, అందరికీ ఏడూ, ఎనిమిదీ. మాస్టార్లని తప్పుపట్టే ముందు కూడిక చూడండి. ఎనిమిది, తొమ్మిది, పది కలిపి అయిదు సెక్షన్లు చెప్పే లెక్కల మాస్టారికి, సెక్షన్‌కి నలభై మంది చొప్పున 200 పేపర్లు. పేపరుకి నాలుగు నిమిషాలంటే 800 నిమిషాలు, పదమూడు గంటల పైమాటే. రోజుకి దొరికే లీజర్ ఒకటి, రెండు పీరియడ్లు, అందులోనూ సెలవు పెట్టినవాళ్ల క్లాసుకి వెళ్లాలి. దిద్దాక పిల్లాడికి నాలుగు అంకెల చొప్పున 800 అంకెలు విద్యాశాఖ యాప్‌లోకి ఎక్కించాలి. గడువు రోజు సాయంత్రం అందరూ ఒకేసారి ఎక్కిస్తుంటే సర్వరు కదలదు. ఆ పూట దిద్దుబాటుకి ఓపిక ఎవరికుంటుంది? టిక్కు పెట్టి మార్కు వేసేస్తారు.

ఆ మార్కు పిల్లాడికి ఏమీ చెప్పదు. ఉదాహరణకి వర్గ సమీకరణాలు తీసుకోండి. సూత్రం అప్పజెప్పమంటే క్లాసంతా అప్పజెబుతుంది. ఎక్స్ వర్గం మైనస్ అయిదు ఎక్స్ ప్లస్ ఆరు ఇవ్వండి. ఇక్కడ బి విలువ మైనస్ 5, కాబట్టి మైనస్ బి అంటే ప్లస్ 5 కావాలి. చాలామంది మైనస్ 5 అనే వేస్తారు, జవాబులు 2, 3 రావాల్సిన చోట మైనస్ 2, మైనస్ 3 వస్తాయి. ఇది పదో తరగతి తప్పు కాదు, ఏడో తరగతి పూర్ణసంఖ్యల దగ్గర మిగిలిపోయిన తప్పు. ఇరవైకి ఆరు అని వేస్తే ఆ సంగతి బయటపడదు. మళ్లీ పాఠమంతా చెప్పినా పోదు. గుర్తుల మీద ఇరవై నిమిషాలు కూర్చుంటే పోతుంది.

అందుకని స్లిప్ టెస్ట్‌ని చిన్నది చేయాలి. పది ప్రశ్నలొద్దు, నాలుగు చాలు. ఒకటి సూత్రం, రెండు నేరుగా చేసేవి, ఒకటి కిందటి నెల పాఠంలోది. దిద్దేటప్పుడు మార్కు పక్కన ఒక్క అక్షరం వేయండి. గుర్తు తప్పితే గు, సూత్రం రాకపోతే సూ, ప్రశ్న అర్థంకాకపోతే ప్ర, కూడిక, తీసివేతల్లో జారితే కూ. దానికి అదనంగా పట్టేది రెండు సెకన్లు. పేపర్లన్నీ అయ్యాక ఏ అక్షరం ఎక్కువుందో లెక్కపెట్టి, దాని మీదే మర్నాటి పీరియడ్ నడపండి. వారానికి రెండు టెస్టులు పెట్టమంటే ఒకటి మీరు దిద్దండి, రెండోది బల్ల మీద జత మార్చి పిల్లల చేతే దిద్దించండి, జవాబు బోర్డు మీద వేసి. పిల్లలు దిద్దినవి రికార్డుకి పనికిరావని ఒకరిద్దరు హెడ్మాస్టర్లు అంటారు. రికార్డుకి మీరు దిద్దినదే ఇవ్వండి.

ఇక గ్రూపుల సంగతి. వంద రోజుల ప్రణాళికలో వెనకబడినవాళ్లని వేరే కూర్చోబెడతారు, పేరేం పెట్టినా పిల్లలకి అర్థమైపోతుంది. వాళ్ల గురి 35. పేపరు తీరు చూస్తే అది అసాధ్యమేం కాదు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5, మొత్తం 33 ప్రశ్నలు, వంద మార్కులు. మొదటి రెండు సెక్షన్లకే 28. సాంఖ్యక శాస్త్రంలో మధ్యగతమో, బాహుళకమో, రేఖీయ సమీకరణాల గ్రాఫో పట్టుకుంటే గట్టెక్కుతారు. దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు, కానీ ఎప్పుడు మొదలుపెడుతున్నామన్నది ముఖ్యం. డిసెంబరులోనే ఇలాంటి నాలుగు పాఠాలకి కట్టేస్తే మార్చి దాకా అవే, గుంటలకి విసుగొచ్చి బడి మానేస్తారు. సంక్రాంతి దాకా అందరితో పాటు ఉంచి, ఆ తర్వాత విడదీస్తే మేలు.

ఇందులో వలస పిల్లలు వేరు. తల్లిదండ్రులతో వేసవిలో హైదరాబాదో, విజయవాడో పనుల మీద వెళ్లి జులై ఆఖరుకి వచ్చేవాళ్లకి వాస్తవ సంఖ్యలు, బహుపదులు రెండూ పోయుంటాయి. ఫార్మేటివ్‌లో సున్నా వేసి వదిలేస్తే రెండు చరరాశుల సమీకరణాల దగ్గరా తడబడతారు. వాళ్లకి పాత పాఠం మొత్తం అక్కర్లేదు, కారణాంక విభజన వస్తే ముందుకి లాక్కురావచ్చు.

ఒత్తిడి పైనుంచి ఎందుకొస్తుందో తెలిసిందే. 2024లో ఉత్తీర్ణతలో పార్వతీపురం మన్యం 96.37 శాతంతో రాష్ట్రంలో మొదటిది, శ్రీకాకుళం 93.35తో రెండోది. మరుసటి ఏడాది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలతో, ఎక్కువమంది ఇంగ్లిష్ మీడియంలో రాశారు. రాష్ట్ర శాతం 86.69 నుంచి 81.14కి దిగింది. మొదటి స్థానాల్లో ఉన్న జిల్లాలకి ఒక్క శాతం తగ్గినా సంజాయిషీయే. ఆ సంజాయిషీ డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు నుంచి ఎంఈవోకి (మండల విద్యాధికారికి), అక్కణ్ణుంచి హెడ్మాస్టరుకి, చివరికి ఆదివారం క్లాసుగా పిల్లాడి నెత్తికి దిగుతుంది.

భాష మాట కూడా ఇక్కడే. సైన్సులో కిరణజన్య సంయోగక్రియ అడిగితే తెలుగులో గడగడా చెప్పే పిల్ల, పేపరు మీద గైడులో బట్టీపట్టిన ఇంగ్లిష్ వాక్యం సగంలో ఆపేస్తుంది. స్లిప్ టెస్టుల్లో తెలుగులో రాసినా మార్కు వేయండి, పాఠం వచ్చిందో లేదో తేలాలి కదా. బొమ్మలో భాగాల పేర్లు మాత్రం మొదటి రోజు నుంచీ ఇంగ్లిష్‌లోనే రాయించండి. అవి నేర్పడం సులువు, అచ్చంగా మార్కులు తెచ్చేవీ అవే.

ప్రీఫైనల్ అయిపోయాక ఫిబ్రవరిలో ఇంకో స్లిప్ టెస్ట్ పెట్టకండి. ఒకటి రెండు పేపర్లు పూర్తి సమయంతో రాయించండి, మూడు గంటల 15 నిమిషాలు, అందులో మొదటి 15 నిమిషాలు చదవడానికే. ఏడాదంతా విడి కాగితాల మీద రాసినవాళ్లు పబ్లిక్‌లో 24 పేజీల బుక్‌లెట్ చేతికొచ్చేసరికి పేజీలు దూకుతారు, ఒక జవాబు రెండు చోట్ల మొదలుపెడతారు, ప్రశ్న సంఖ్య వేయడం మర్చిపోతారు. ఒకపక్క రాసిన పాత పేపర్లు ప్రతి బడిలోనూ కట్టలుంటాయి. వాటిని తెల్ల పక్క పైకి వచ్చేలా మడిచి, 24 పేజీలకి కుట్టు వేసి ఇవ్వండి. మొదటి పేజీలో ఏమీ రాయకూడదని, మార్జిన్‌లో సంఖ్య తప్ప మరేదీ వేయకూడదని, రఫ్ వర్కు అదే పేజీ చివర చేసి కొట్టేయాలని అప్పుడే చెప్పండి.