ఏటా వచ్చే అంశాన్ని రెండేళ్లకోసారి చేయించాం: ఐరాస సర్వప్రతినిధి సభలో నా అనుభవం

మొత్తానికి పని అయింది. ఐరాస సర్వప్రతినిధి సభ ఎజెండాలో దశాబ్దాలుగా ఏటా వస్తున్న ఒక అంశం ఇకమీదట రెండేళ్లకోసారే వస్తుంది. ఇంత చిన్న మార్పా అనుకోవచ్చు. సభను బాగుచేయడమంటే చివరికి ఇలాంటి మార్పులే అని నా గట్టి నమ్మకం. అంశం పేరు, దేశాల పేర్లు రాయను. వాళ్లతోనే మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలి.

ఈ పని ఎందుకు చేయాలో అంకెలే చెబుతాయి. 193 దేశాలు, ఆరు ప్రధాన కమిటీలు, ఆరు అధికార భాషలు. 2024లో ఐరాస వ్యవస్థ 240 సంఘాల కోసం 27,000 సమావేశాలు నడిపిందని, సచివాలయం 1,100 నివేదికలు తయారుచేసిందని ప్రధాన కార్యదర్శి గుటెర్రెస్ ఐరాస 80 ఏళ్ల సందర్భంగా మొదలైన యూఎన్80 సంస్కరణల గురించి 2025లో చెప్పారు. ఆ నివేదికల్లో ప్రతి ఐదింటిలో ఒకదాన్ని వెయ్యి మంది కూడా డౌన్‌లోడ్ చేసుకోవడం లేదు. ఎవరూ చదవని నివేదికను ఆరు భాషల్లోకి అనువదిస్తూ ఉంటే, చదవాల్సిన నివేదిక ఆలస్యంగా వస్తుంది. ఐరాస దగ్గర చిన్న దేశాలకు ఉండే మిషన్లలో, అంటే ప్రతినిధి కార్యాలయాల్లో, ఒక్క మనిషే రెండు మూడు కమిటీలు చూసుకోవాలి. ఎక్కువ నష్టం వాళ్లకే.

మొదటి మెట్టు సులువు. సభ పనితీరు మెరుగుపరచడమనే అంశం 1991 నుంచీ ఎజెండాలో ఉంది. దాని మీద తీర్మానాలు కుప్పలుగా ఉన్నాయి: 58/316, 60/286, 69/321, ఇంకా ఎన్నో (మొదటి అంకె ఎన్నో వార్షిక సమావేశాలో చెబుతుంది, రెండోది తీర్మానం సంఖ్య). కొన్ని అంశాలను రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి తీసుకోవాలని, కొన్నిటిని కలిపేయాలని, కొన్నిటిని తీసేయాలని వాటిలో మళ్లీ మళ్లీ రాసి ఉంటుంది. మన ప్రతిపాదనకు ఆధారంగా ఆ పేరాను ఉటంకిస్తే చాలు, సూత్రంగా ఎవరూ కాదనరు.

అసలు చిక్కు అదే పేరా చివర ఉంది. మార్పు చేయాలంటే ఆ అంశాన్ని ప్రతిపాదించిన దేశం లేదా దేశాల స్పష్టమైన సమ్మతి కావాలి. చదవడానికి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆ ప్రతిపాదించిన దేశం ఏది? అంశాన్ని మొదట ఎజెండాలో పెట్టించినదా, తొలి తీర్మానం ముసాయిదా తెచ్చిన దేశాలా, నిరుడు తెచ్చిన దేశాలా, లేక ముసాయిదాకు చివర్లో పేరు కలిపిన ప్రతి దేశమూనా? సమాధానం ఎక్కడా రాసిలేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టింది ఈ ఒక్క ప్రశ్నే.

తొలి పత్రం నుంచి వెతకడం మొదలుపెట్టాం. ముసాయిదాలకు ‘ఎల్’ అక్షరంతో వరుస సంఖ్య ఇస్తారు, ఆ పత్రం మీద మొదటి ప్రతిపాదకుల పేర్లు మాత్రమే ఉంటాయి. తర్వాత చేరినవాళ్ల పేర్లకు కమిటీ నివేదిక చూడాలి. ఆమోదించిన రోజు చేరినవాళ్ల కోసం సమావేశం రికార్డు తీయాలి. పాత పత్రాలు ఐరాస డిజిటల్ లైబ్రరీలో దొరుకుతాయి, కాకపోతే స్కాన్ చేసిన పేజీల్లో పదం కొట్టి వెతికితే సరిగా చిక్కదు, ఒక్కో పేజీ కళ్లతో చూడాల్సిందే. అలా తీసిన జాబితాలో యుగోస్లావియా ఉంది. ఆ పేరుతో ఇప్పుడు దేశమే లేదు. మరి సమ్మతి ఎవరిని అడగాలి?

జాబితాలో ఇప్పుడున్న దేశాలకు రాశాం. కొన్నిటికి తాము ఆ అంశం తెచ్చినట్టే తెలియదు, అయినా ‘రాజధాని నుంచి సూచనలు రావాలి’ అన్నాయి. ఒక దేశాల బృందం తరఫు ప్రతినిధి అయితే సంప్రదింపుల గదిలో అందరి ముందూ, ఈ అంశాన్ని ముట్టుకునే హక్కు మీకు ఎవరిచ్చారని నిలదీశారు. తేనెతుట్టెను కదిపామని అప్పుడు అర్థమైంది. అంశం ఏటా ఉంటే ఆ దేశాలకు ఏటా ఒక ప్రసంగం, ఒక అనుబంధ కార్యక్రమం, రాజధానికి పంపడానికి ఒక రిపోర్టు ఉంటాయి. అంశం మీద ప్రేమతో అడ్డుపడితే గౌరవిస్తాను. కేవలం ప్రసంగం కోసం పట్టుకు కూర్చునేవాళ్లు సభకు చెరుపు చేస్తున్నారని వాళ్ల ముఖం మీదే చెప్పగలను.

ఇందులోంచి బయటపడే దారి ఒకటే. నిరుడు ముసాయిదాను నడిపిన ప్రధాన ప్రతినిధి బృందాన్ని ముందుగా ఒప్పించి, ఈ మార్పును వాళ్ల చేతే ప్రతిపాదింపజేయాలి. వాళ్ల ముసాయిదాలో వాళ్లే రాసుకున్నాక సమ్మతి లేదనే మాట నిలవదు. బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి. మేం ఇచ్చింది ఇది: నివేదిక రెండేళ్లకోసారి వచ్చినా దాన్ని చర్చించే సమావేశంలో ప్రధాన కార్యదర్శి తరఫు అధికారితో ప్రశ్నోత్తరాల సమయం ఉంటుంది. అభివృద్ధి చెందుతున్న దేశాల జీ-77 కూటమితో విడిగా, ముందుగా మాట్లాడాలి. పేరులో 77 ఉన్నా అందులో ఇప్పుడు 134 దేశాలు, అన్నిటికీ ఒకే మాట కుదరాలంటే వాళ్లలో వాళ్లకు చర్చ కావాలి. ఆఖరి వారంలో వెళ్తే ‘మాకు ఉమ్మడి వైఖరి లేదు’ అంటారు, అది నిజం కూడా.

ముసాయిదా మాటల్లో మూడు చోట్ల జాగ్రత్తపడాలి. ఆఖరి పేరాలో ‘82వ సమావేశాల తాత్కాలిక ఎజెండాలో చేర్చాలని నిర్ణయిస్తున్నది’ అని సంఖ్యతో రాయాలి. ‘రెండేళ్లకోసారి’ అని మాత్రమే రాస్తే ఏ ఏడు నుంచి అన్నది వాదనగా మారుతుంది. రెండోది, దగ్గరి విషయాల మీది తీర్మానాలు ఏ ఏడు వస్తున్నాయో చూసుకోవాలి. అన్నీ సరి సంఖ్య సమావేశాల్లోనే పడితే ఒక శరదృతువు ఖాళీగా, మరొకటి ఊపిరాడకుండా తయారవుతుంది. మూడోది చాలామంది మరిచిపోయేది. అదే నివేదికను ఇంకో పాత తీర్మానం కూడా ఏటా కోరుతూ ఉండవచ్చు. ఆ తీర్మానం సంఖ్య, పేరా సంఖ్య రాసి ‘దానికి బదులుగా’ అని తేల్చి చెప్పకపోతే, అంశం ఎజెండాలోంచి పోయినా నివేదిక మాత్రం ఏటా వస్తూనే ఉంటుంది. సచివాలయాన్ని తప్పుపట్టడానికి లేదు, సభ అడిగింది కాబట్టి వాళ్లు రాస్తారు.

తర్వాత మౌన గడువు. ముసాయిదా పంపి ఫలానా సమయంలోపు ఎవరూ అభ్యంతరం రాయకపోతే అంగీకరించినట్టే. గడువు ముగియబోతుండగా ఒక ప్రతినిధి బృందం అభ్యంతరం రాసి ఆ మౌనాన్ని ఛేదించింది. కారణంగా చెప్పింది మా పేరా గురించి కానే కాదు, పీఠికలో అంతకుముందు ఏళ్లలో వాళ్లే ఒప్పుకున్న ఒక విశేషణం గురించి. తెరిచిన ముసాయిదాలో మిగతావాళ్లూ వేళ్లు పెట్టారు, మా పేరా చుట్టూ మళ్లీ బ్రాకెట్లు పడ్డాయి, అంటే ఇంకా ఒప్పుకోలేదని గుర్తు. గడువును శుక్రవారం సాయంత్రానికి పెట్టకండి. న్యూయార్క్‌లో సాయంత్రమయ్యేసరికి ఆసియా రాజధానుల్లో శనివారం వచ్చేసి ఉంటుంది, అక్కడ ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు. మంగళవారం, బుధవారం మధ్యాహ్నం మంచివి. ఛేదించినవాళ్లను రాతపూర్వకంగా ప్రత్యామ్నాయ వాక్యం అడగండి, అడిగితే సగం అభ్యంతరాలు అక్కడే ఆగిపోతాయి.

ఖర్చు సంగతి కూడా చూసుకోవాలి. సభ నియమావళి 153 ప్రకారం, ఖర్చుతో ముడిపడిన తీర్మానాన్ని అంచనా లేకుండా కమిటీ సిఫారసు చేయకూడదు. మాది ఖర్చు తగ్గించే ప్రతిపాదనే, కానీ ప్రశ్నోత్తరాల సమావేశం కలిపాం కదా, దానికి దుబాసీలు కావాలా అన్న ప్రశ్న వచ్చింది. అప్పటికే కేటాయించిన సమావేశంలోనే అది జరుగుతుందని రాయడంతో సరిపోయింది. అంచనా అవసరమైతే సచివాలయానికి కనీసం 48 గంటలు ఇవ్వాలి, పైగా అది బడ్జెట్ చూసే ఐదో కమిటీకి వెళ్లడానికి డిసెంబర్ 1 గడువు. ‘ఉన్న నిధుల్లోనే’ అన్న మాట మాత్రం ముసాయిదాలో పెట్టకండి. డబ్బు సంగతి ఐదో కమిటీది, ఆ మాట కనిపిస్తే అక్కడ కొత్త గొడవ లేస్తుంది.

ఆమోదం ఓటింగ్ లేకుండా జరిగింది, కొద్ది నిమిషాల పని.

సంస్కరణ అనగానే అందరూ భద్రతా మండలి గురించే మాట్లాడతారు. కానీ మండలిని మార్చాలంటే ఐరాస మూల ఒప్పందమైన చార్టర్‌ను సవరించాలి, దానికి మూడింట రెండొంతుల సభ్యదేశాల ఓటుతో పాటు అయిదు శాశ్వత సభ్యదేశాలతో సహా మూడింట రెండొంతుల దేశాల ధ్రువీకరణ కావాలి. మండలి 11 నుంచి 15 స్థానాలకు పెరిగిన సవరణ 1965లో అమల్లోకి వచ్చింది, ఆ సంఖ్య నేటికీ అంతే. చార్టర్‌ను ముట్టుకోకుండానే ఎంత చేయవచ్చో 2022 ఏప్రిల్‌లో వచ్చిన 76/262 తీర్మానం చూపించింది. లీక్టెన్‌స్టైన్ నడిపిన ఆ తీర్మానంతో, మండలిలో ఎవరు వీటో వేసినా పది పనిదినాల్లోపు సర్వప్రతినిధి సభ కూర్చుని చర్చించాల్సిందే. అంత చిన్న దేశం ఓటింగ్ కూడా లేకుండా దాన్ని సాధించింది. మాటల మీద శ్రద్ధ పెట్టి, గది గదికీ తిరిగి సాధించింది. పెద్ద ఉపన్యాసాలు ఇచ్చే దేశాలు దాన్ని చూసి నేర్చుకోవాలి.

ఆమోదంతో పని పూర్తయిందనుకోకండి. వచ్చే సమావేశాల అంశాల ప్రాథమిక జాబితా ఫిబ్రవరి 15లోపు వస్తుంది, తాత్కాలిక ఎజెండా సమావేశాలు మొదలవడానికి కనీసం 60 రోజుల ముందు వస్తుంది. అంశం రాకూడని ఏడాది రెంటిలోనూ అది లేదని చూసుకోండి. పాత తీర్మానం సంఖ్యతో అది మళ్లీ కనిపిస్తే కొత్త తీర్మానం పేరా సంఖ్య చూపిస్తూ సచివాలయానికి వెంటనే రాయండి. ఎజెండా ఖరారయ్యాక తీయించాలంటే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.