గ్రావెల్ క్వారీలో వాననీరు, మట్టి కోత: నా అనుభవం

విజయనగరం, శ్రీకాకుళం కొండల కింద గ్రావెల్ తవ్వేవాళ్లకు వానాకాలంలో అసలు తలనొప్పి ఎర్రనీళ్లు. ఇక్కడి ఖొండలైటు రాయి చివికి మట్టయినప్పుడు రాళ్లు, ఇసుకతో పాటు సన్నటి బంక కూడా తయారవుతుంది. పైపొర తీసేసిన నేల మీద గట్టి వాన పడితే ఆ బంక నీళ్లలో కలిసి గెడ్డలోకి (కొండవాగులోకి), అక్కణ్నుంచి కింది చెరువులోకి దిగుతుంది. చెరువు పూడితే ఆయకట్టు రైతులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

మట్టి దిగడానికి గొయ్యి ఎంత పెద్దది తవ్వాలని అందరూ ముందుగా అడుగుతారు. ఆ లెక్క నేను ఆఖర్న వేస్తాను. 0.05 మిల్లీమీటర్ల రేణువు నిలకడ నీళ్లలో మీటరు లోతు దిగడానికి ఏడెనిమిది నిమిషాలు చాలు. 0.002 మిల్లీమీటర్ల బంక రేణువుకు మూడు రోజులు దాటుతుంది. ఈలోపు ఇంకో వాన వస్తుంది. అందుకే బయటి నీళ్లు లోపలికి రానీయకపోవడం, లోపలి మట్టిని కదలనీయకపోవడం ముందు చూసుకోవాలి.

కొండ నీళ్లు క్వారీలోకి దిగకుండా చుట్టూ మళ్లించే గార్లాండ్ కాలువ కొండవైపు మే నెలలోనే పూర్తవ్వాలి. లీజు హద్దు పక్కన తవ్వకుండా వదిలే 7.5 మీటర్ల పట్టీలో, తవ్వకం అంచుకు కనీసం 3 మీటర్లు ఎడంగా తీస్తాం. మరీ దగ్గరగా తీస్తే ఊట అంచు వెనక చేరి మట్టి పెళ్లలుగా కూలుతుంది. తీసిన మట్టిని క్వారీ వైపు గట్టుగా పోయాలి. జేసీబీ డ్రైవరుకు చెప్పకపోతే కొండవైపే పోసేస్తాడు. అప్పుడు కొండ నీళ్లు కాలువలో దిగలేక ఆ గట్టు వెంట వేరే దారి చూసుకుంటాయి.

కాలువ కొలతకు నేను వాడే లెక్క ఇది. పైనుంచి 2 హెక్టార్ల నీరు వస్తుందనుకుందాం. వాన గంటకు 75 మిల్లీమీటర్లు, పారుదల గుణకం (పడిన వానలో పారే వంతు) 0.6. మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు 0.25 ఘనమీటర్లు. కాలువ అడుగుభాగం వెడల్పు అర మీటరు, లోతు అర మీటరు, పక్కలు ఒకటికి ఒకటి వాలు, పొడవునా 200కి 1 వాలు ఇస్తే 35 సెంటీమీటర్ల ఎత్తు పారుదలలోనే 0.28 దాకా పోతుంది. పై 15 సెంటీమీటర్లు భద్రతకు. వాలు బాగా పెరిగితే అడుగు కోసుకుపోతుంది, తగ్గితే పూడుతుంది. కొండ పక్కన వాలును కంటితో అంచనా వేస్తే తప్పుతుంది. ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్ లేకపోతే మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు.

కాలువ గెడ్డలోకి దిగే చోట వాలు ఎక్కువ. అక్కడ 15 నుంచి 25 సెంటీమీటర్ల రాళ్లతో అడ్డుకట్టలు వేస్తాం. వాలు 5 శాతం, కట్ట ఎత్తు 30 సెంటీమీటర్లు అయితే 6 మీటర్లకొకటి. నడుమ భాగం చివరలకన్నా 15 సెంటీమీటర్లు పల్లంగా ఉండాలి, చివరలు గట్టులోకి అర మీటరు దూరాలి. నడుమ పల్లం లేని కట్ట కట్టకపోవడమే మేలు, నీళ్లు పక్కనుంచి తిరిగి గట్టునే కోసేస్తాయి. గెడ్డ ఒడ్డున రాతి పిచ్చింగ్ (కోత పడకుండా పరిచే రాళ్లు) కింద చిప్స్ పొర గానీ జియోటెక్స్‌టైల్ గుడ్డ గానీ లేకపోతే రాళ్ల సందుల్లోంచి మట్టి జారిపోయి పిచ్చింగ్ కుంగుతుంది.

లోపలి బెంచీల (మెట్లుగా తవ్వే అంచెల) సంగతి 1961 మెటల్లిఫెరస్ మైన్స్ నిబంధనల్లోనే ఉంది. గ్రావెల్, మొరం లాంటి నేలలో బెంచీ కడితే ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. నేను దానికి చేర్చేది బెంచీ పైభాగాన్ని లోపలికి 2 శాతం వంచడం. నీళ్లు అంచు దూకకుండా గోడ మొదలు వెంట నడిచి సంపులో (నీళ్లు చేరే గుంటలో) పడతాయి.

టిప్పర్ల దారిని చాలామంది మరిచిపోతారు. గాళ్లు పడిన దారి ఒక్క వానకే కాలువ అవుతుంది. దారిని కొండవైపు కొద్దిగా వంచి, ఆ పక్కన కాలువ తీసి, దారి అడుగున తూరలు (నీళ్లు దాటే గొట్టాలు) వేయాలి. లెక్క ప్రకారం 1 శాతం వాలులో 450 మిల్లీమీటర్ల తూర సరిపోతుంది. నేను 600 వేయిస్తాను, కొమ్మలూ రాళ్లూ అడ్డుపడితే శుభ్రం చేయడానికి వీలుంటుంది. పైన కనీసం 60 సెంటీమీటర్ల మట్టి గట్టిగా దట్టించకపోతే లోడు టిప్పరు కింద తూర పగులుతుంది.

ఇప్పుడు గొయ్యి. తెరిచి ఉంచిన నేల హెక్టారు దాటనీయకపోతే వచ్చే నీరు సెకనుకు 0.125 ఘనమీటర్లు. 0.05 మిల్లీమీటర్ల రేణువు దిగడానికి 56 చదరపు మీటర్లు చాలు, నీళ్లు సుడి తిరుగుతాయి కాబట్టి రెట్టింపు చేసి 6 మీటర్లకు 18 మీటర్లు తవ్విస్తాం. నీళ్లు వచ్చే మూతి, పోయే మూతి ఎదురెదురు చివర్లలో ఉండాలి. మూడో వంతు పూడగానే పూడిక తీయాలి. పైనుంచి వచ్చే శుభ్రమైన గార్లాండ్ నీళ్లను ఇందులో కలపకూడదు. మిగిలిన ఎరుపుకు పటిక వాడొచ్చు. లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 100 ఘనమీటర్లకు 5 కేజీలు. ముందు బకెట్లో వేసి చూడాలి. నీటివనరుల్లోకి వదిలే నీళ్లలో తేలే మట్టికి సాధారణ పరిమితి లీటరుకు 100 మిల్లీగ్రాములు.

పని అయిపోయిన బెంచీల మీద జూన్, జూలైలో వట్టివేరు పిలకలు 15 సెంటీమీటర్లకొకటి అడ్డవరుసల్లో నాటితే తుపాన్ల నాటికి వేరు పట్టుకుంటుంది. పైమట్టి కుప్పను 2 మీటర్లు దాటనీయకుండా పోసి దాని మీద జనుము చల్లుతాం.

2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. అప్పటికి నేల నానిపోయి ఉంటుంది, పడిన నీరంతా పారుతుంది. అందుకని సెప్టెంబరులో మరోసారి పూడికలు తీయించి, తుపాను హెచ్చరిక రాగానే సంపు, గొయ్యి ఖాళీ చేయిస్తాను. పంపు పీల్చే గొట్టం మూతిని ఖాళీ డ్రమ్ముకు కట్టి పైనీళ్లలో తేలేలా ఉంచాలి. అడుగున పడేస్తే దిగిన మట్టినంతా మళ్లీ గెడ్డలోకే తోడేస్తుంది.