వేడి చేసిందనుకున్న మచ్చలు

ఉగాదికి కాస్త ముందు నా అరచేతుల్లో, అరికాళ్ళలో రాగి రంగు మచ్చలు తేలాయి. దురద లేదు, నొప్పి లేదు. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల పని నాది. బ్లీచింగ్, సున్నం ఒట్టి చేతులతోనే చల్లుతుంటాం కాబట్టి ఇంట్లో అందరూ దాని మీదకే తోసేశారు. "గ్లౌజులు వేసుకోరా అంటే విన్నావా?" అని అమ్మ తిట్టింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, ఒంట్లో వేడి అని తేల్చేశారు. అలర్జీ మాత్రలు, పూతమందు ఇచ్చారు.

మా వైపు వేడి కాని జబ్బు లేదు. మూత్రంలో మంటైనా వేడే, నోట్లో పుండైనా వేడే. సబ్జా నీళ్ళు, మజ్జిగ, కొబ్బరి బొండాలు అన్నీ తాగాను. దాహం తీరింది, మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి. పైగా సన్నగా జ్వరం, గొంతు నొప్పి, గజ్జల్లో బిళ్ళలు. తల దువ్వుకుంటే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది.

భీమవరంలో చూపించుకుంటే సాయంత్రానికల్లా చెరువు గట్టు మీద చెప్పేసుకుంటారు. అందుకని చించినాడ వంతెన, ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో చర్మ, సుఖవ్యాధుల విభాగానికి వెళ్ళాను. డాక్టరమ్మ నా అరచేతులు చూడగానే ఒకటే అడిగారు. "నొప్పి లేని పుండు ఏమైనా వచ్చి, దానంతటదే మానిపోయిందా అండీ? ఈ రెండు మూడు నెలల్లో?"

వచ్చింది. మాఘమాసం పెళ్ళిళ్ళ హడావిడిలో. చిన్నది, అంచులు గట్టిగా ఉన్నాయి, ముట్టుకున్నా నొప్పి లేదు. కొన్నాళ్ళకు పోయింది, నేనూ మర్చిపోయాను. ఇది సిఫిలిస్ అనే సుఖవ్యాధి అన్నారు. ఈ జబ్బు మోసమంతా అక్కడే ఉందట. పుండు మానితే రోగం పోయినట్టు కాదు, క్రిమి రక్తంలోకి చేరిందని. తర్వాత వచ్చే ఈ మచ్చలు కూడా మందు లేకుండానే పోతాయి. ఆ పైన ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా ఉండి, కొందరికి గుండెనో మెదడునో నరాలనో పట్టుకుంటుంది. అంటుకున్న 10 రోజుల నుంచి 90 రోజుల లోపు ఎప్పుడైనా పుండు బయటపడొచ్చు, ఎక్కువగా మూడు వారాలకు అని చెప్పారు. వెనక్కి లెక్క వేసుకుంటే సరిగ్గా సంక్రాంతి దగ్గర ఆగింది.

పండగకి భీమవరం ఎలా ఉంటుందో తెలిసిందే. లాడ్జీల్లో గదులు ముందే అయిపోతాయి. కోడిపందేల బరుల దగ్గర ఫ్లడ్‌లైట్లు, గుండాట, మందు, ఊరంతా కొత్త ముఖాలు. ఆ రాత్రుల్లో ఒకావిడ పరిచయమైంది. ఇద్దరం పెద్దవాళ్ళమే, ఇద్దరికీ ఇష్టమే. అంతకు మించి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోను. కండోమ్ వాడాం కూడా. కానీ నోటితో చేసేదానికి అదెందుకనుకున్నాం. చాలామంది అలాగే అనుకుంటారని, ఆసుపత్రిలో జాగ్రత్తలు చెప్పే కౌన్సిలర్ గారు అన్నారు. కండోమ్‌తో ప్రమాదం బాగా తగ్గుతుంది గానీ, పుండు నోట్లోనో, కండోమ్ కప్పని చోటో ఉంటే అక్కడి నుంచి అంటుకుంటుందట.

"ఇంకో మాటండీ. మీ వైపు వాళ్ళు కొబ్బరినూనె రాస్తారు. నూనె తగిలితే ఆ రబ్బరు పాడై చిరిగిపోద్ది. నీళ్ళతో చేసిన జెల్ వాడండి" అన్నారాయన. గోదావరి జిల్లాల వాడికి చెప్పాల్సిన మాటే! మందు సంగతీ ఎత్తారు. నాలుగో పెగ్గు తర్వాత కండోమ్ జేబులోనే ఉండిపోతుందట.

సిఫిలిస్‌కి చేసే ఆర్‌పీఆర్ రక్తపరీక్షలో 1:64 అని వచ్చింది. అందులో రెండో అంకె ఎంత పెద్దదైతే జబ్బు అంత చురుగ్గా ఉన్నట్టట. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి పరీక్షలు కూడా చేశారు. హెచ్‌ఐవీకి ముందు నాకు వివరంగా చెప్పి, సరేనంటేనే రక్తం తీశారు. లేదని వచ్చింది. అయినా మూడు నెలలు దాటాక మళ్ళీ చేయించుకోమన్నారు.

మందు పెనిసిలిన్. ముందు చేతి మీద టెస్ట్ డోస్, తర్వాత 24 లక్షల యూనిట్లు, సగం ఒక పిర్రకి, సగం రెండో పిర్రకి. పాలలా చిక్కగా ఉంటుంది, ఎక్కుతుంటే ప్రాణం పోతుంది. తొలి దశల్లో పట్టుకుంటే ఒక్కసారి వేస్తే చాలట. "రాత్రికి జ్వరం రావచ్చు, క్రిములు చస్తుంటే అలా వస్తుంది, కంగారు పడకండి" అని డాక్టరమ్మ ముందే చెప్పి పంపారు. నిజంగానే వణుకుతో జ్వరం కాసింది. పారాసెటమాల్ వేసుకుని పడుకున్నాను. తెల్లారేసరికి తగ్గింది.

ఇంజెక్షన్ కంటే నాకు కష్టమైంది ఆవిడకి ఫోన్ చేయడం. నా మీద అరుస్తుందనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకేమీ లేదే" అంది. ఏమీ కనబడకపోయినా పరీక్ష చేయించుకోమన్నాను. ఆవిడకీ పాజిటివే. ఎవరి నుంచి ఎవరికన్నది తేలేది కాదు, ఆ గొడవలోకి మేమిద్దరం వెళ్ళలేదు. ఆవిడా మందు వేయించుకుంది.

మచ్చలు కొన్ని వారాల్లో మాయమయ్యాయి, జుట్టు మెల్లగా వచ్చింది. తర్వాతి పరీక్షల్లో 1:64 కాస్తా 1:8కి దిగింది. నాలుగో వంతుకో అంతకంటే కిందికో దిగితే మందు పనిచేసినట్టేనట. ఇదే జబ్బుకి ఇంకో రక్తపరీక్ష ఉంది, టీపీహెచ్‌ఏ. అది నయమయ్యాక కూడా చాలామందికి జన్మంతా పాజిటివ్‌గానే చూపిస్తుంది. అందుకే చికిత్స కాగితాలు జాగ్రత్తగా దాచుకున్నాను. ఒకసారి వచ్చింది కదా, ఇక రాదనుకోవడానికీ లేదు. మళ్ళీ అంటుకోవచ్చు.

మొన్న ధనుర్మాసంలో మా బావ ఒకడు ఫోన్ చేసి, ఎవరికో స్నేహితుడికి అంటూ అడిగాడు. కండోమ్ చిరిగితే ఏం చెయ్యాలని. ఆ స్నేహితుడెవరో నేను అడగలేదు. 72 గంటల లోపు ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తమన్నాను. హెచ్‌ఐవీ రాకుండా 28 రోజుల మాత్రలు ఇస్తారు, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఊరికే అనుమానాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యమన్నాను.

"అక్కడ తెలిసినోళ్ళెవరైనా చూస్తే?"

"గజ్జి అని చెప్పరా. అదీ అక్కడే చూస్తారు."