అన్నయ్య రాసింది, నేను దాచింది

"వాకబుకొచ్చిన ఆఫీసరుకు మీ గురించి అంతా మంచిగానే చెప్పాను అన్నయ్యా. మందు సంగతి అడిగితే ఆయనకు ఆ అలవాటే లేదన్నాను" అని సంతోషంగా చెప్పాను. మా పక్కింటి అన్నయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఎంత పని చేశావమ్మా! అది నేనే రాసిచ్చాను కదా" అన్నాడు. ఈ పదకొండేళ్లలో ఆయన నన్ను మందలించడం అదే మొదటిసారి.

మేముండేది వర్జీనియాలో. ఇక్కడ చాలా ఉద్యోగాలు ప్రభుత్వ కాంట్రాక్టుల మీద నడుస్తాయి. సిటిజన్‌షిప్ వచ్చాక మనవాళ్లూ వాటిలో చేరుతున్నారు. కొన్నిటికి సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతి, కావాలి. అందుకోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారం వంద పేజీలు దాటుతుంది. అందులో 24వ సెక్షన్ మొత్తం మందు గురించే. గత 7 ఏళ్లలో తాగుడు వల్ల ఉద్యోగం, సంసారం, డబ్బు దెబ్బతిన్నాయా, పోలీసుల దాకా వెళ్లిందా అని అడుగుతారు. తర్వాత ఇన్వెస్టిగేటర్ ఇరుగుపొరుగును కలిసి వాకబు చేస్తాడు.

అన్నయ్య క్లియరెన్స్ కోసం వచ్చిన ఇన్వెస్టిగేటర్ మా గుమ్మంలో నిలబడి బ్యాడ్జి చూపించగానే నాకు ఒంగోలులో మా వీధే గుర్తొచ్చింది. సంబంధం వాళ్లు వాకబుకు వస్తే "అబ్బాయికి ఏ అలవాట్లూ లేవండి" అనేది మా అమ్మ. ఎవరి పొరుగువాళ్లయినా అదే అంటారు. ఒకరి ఇల్లు నిలబడాలని అనే మాట అది. ఆ మాట నమ్మి మా వీధికి కాపురానికొచ్చిన పిల్ల ఎన్ని రాత్రులు మా అరుగు మీద కూర్చుందో కూడా నేను చూశాను. అయినా నోటికి ముందు వచ్చేది అదే మాట.

అన్నయ్య నాలుగేళ్ల క్రితం ఒక పార్టీ నుంచి వస్తూ డీయూఐలో, అంటే తాగి కారు నడుపుతూ, పోలీసులకు దొరికాడు. ఆ తర్వాత ఆరు నెలలు కారు స్టార్ట్ అవ్వాలంటే ముందు ఒక గొట్టంలోకి ఊదాలి. మా పాప కిటికీలోంచి చూసి అదేంటని అడిగితే, అంకుల్‌కి ఉబ్బసం అన్నాను. ఆయన కౌన్సెలింగ్‌కి వెళ్లాడు, మందు మానేశాడు. ఆ కాగితాలన్నీ ఫారంతో పాటు ఇచ్చాడట.

"తాగడమే తప్పని వాళ్లు అనరమ్మా" అని నాకు వివరంగా చెప్పాడు. 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న క్లియరెన్స్ నియమాల్లో మందు గురించి గైడ్‌లైన్ జీ అని ఒకటి ఉంది. తాగి బండి నడపడం, కొట్లాటలు, ఆఫీసుకు తాగి రావడం, డాక్టరు వ్యసనమని తేల్చడం, ఇవన్నీ క్లియరెన్స్‌కి అడ్డే. కానీ జరిగి చాలా కాలమైందా, తప్పు ఒప్పుకున్నాడా, చికిత్స తీసుకుని మారాడా అని కూడా చూస్తారు. మనిషిని మొత్తంగా చూసి తేలుస్తారు. దాచిపెడితే అది వేరే గైడ్‌లైన్ కిందికి పోతుంది. తెలిసి అబద్ధం రాస్తే 5 ఏళ్ల దాకా జైలు పడవచ్చు.

ఆ పద్ధతి నాకు నచ్చింది. పడి లేచినవాడికి ఒక దారి ఉంచారు. మన దగ్గర ఒకసారి "తాగుబోతు" అన్న పేరు పడితే మానేసి పదేళ్లయినా పోదు, అందుకే అందరం దాస్తాం. ఒక్కటి మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. ముక్కూ మొహం తెలియని ఆఫీసరు ఫైల్లో ఉన్న ఈ సంగతి చీరాలలో అన్నయ్య తల్లికి ఈ రోజుకీ తెలియదు. వారం వారం ఫోన్ చేసి "ఒంట్లో బాగుందా నాయనా" అని అడిగే తల్లికి! ఆమెకు చెప్పగలిగే ధైర్యం ఆయనకూ లేదు, చెప్పమనే ధైర్యం నాకూ లేదు.

ఇన్వెస్టిగేటర్ ఇచ్చిన కార్డు ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉంది. సోమవారం పొద్దున పాపను బస్సెక్కించి వచ్చి, ఆ నంబరుకు ఫోన్ చేశాను. "మొన్న నేను చెప్పిన దాంట్లో ఒకటి నిజం కాదు, మళ్లీ చెప్పాలి" అన్నాను. అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. గురువారం నాలుగింటికి వస్తానన్నాడు.